పెట్టనీకా, కట్టనీకా

రాజనర్సు కుడిచేతి బొటనవేలి గోరు మిగతా తొమ్మిదింటికంటే పొడుగ్గా ఉంటుంది. చూసినవాళ్లు సోకనుకుంటారు. సోకూ కాదు, మొక్కూ కాదు. సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి కర్ణాకర్ వస్త్రాలయంలో ముప్పై ఒక్క ఏళ్లుగా చీరల కవర్ల మీది ధర స్టిక్కర్లు గీకడానికి పెంచుకున్న గోరు అది. స్టిక్కరు మూలన ఆనించి ఒక్క లాగు లాగాడంటే జిగురుతో సహా చుట్ట చుట్టుకుని ఊడొస్తుంది. కవరు మీద గీత కూడా పడదు.

అటువంటివాడికి శిష్యురాలిగా దొరికింది హీబా. బీబీఏ చదివిన పిల్ల, మార్కెటింగ్‌లో పైకి రావాలని పట్టుదల. మూడు నెలలనుంచి నేర్పిస్తున్నా ఆమె గీకిన స్టిక్కరు సగం ఊడుతుంది, సగం మిగులుతుంది. ఆ మిగిలిన సగం మీద సరిగ్గా అంకెలే ఉంటాయి. మిగతా అక్షరాలన్నీ పోయి ఆ అంకెలే ఎట్లా మిగులుతాయో రాజనర్సుకు అర్థం కాదు. అడిగితే, గోరు విరుగుతుంది కాకా అంటుంది. తిట్టబోతే నవ్వుతుంది. చివరికి ఆమె గీకిన కట్టనంతా ఆయనే ముందు వేసుకుని మళ్లీ గీకేవాడు.

ఇంతా చేసి ఆ స్టిక్కరు ఎందుకు గీకాలంటే, అవి పెట్టుడు చీరలు కాబట్టి. ఇంట్లో పెండ్లయినా, గృహప్రవేశమైనా, పిల్ల పెద్దమనిషయినా వచ్చిన ఆడవాళ్లకు బొట్టుపెట్టి చీర పెట్టాలి. యాభైమందికో అరవైమందికో పెట్టాలంటే పట్టుచీరలు పెట్టరు కదా. అందుకని దుకాణం వెనకవైపు, మెట్ల కింద, వేరే కౌంటరు ఉంటుంది. అక్కడి చీరలు దూరంనుంచి పట్టులాగే మెరుస్తాయి, రెండుసార్లు ఉతికితే గోనెసంచిలాగా తేలుతాయి. అయినా ఫరవాలేదు, వాటిని ఎవరూ కట్టరు. తీసుకున్నామె కళ్లకద్దుకుని పెట్టెలో పెడుతుంది, వచ్చే ఏడు ఇంకొకామెకు పెడుతుంది. ఒకసారి రాజనర్సు అమ్మిన చీరే ఏడేళ్ల తర్వాత ఆయన భార్య చేతికి వచ్చింది, ఆయన స్టిక్కరు గీకిన అదే కవరుతో సహా. ఈ సంగతి పెట్టేవాళ్లకూ తెలుసు, తీసుకునేవాళ్లకూ తెలుసు. నోరు విప్పి అనకపోవడమే మర్యాద. ఆ మర్యాద మీదనే వెనక కౌంటరు నడుస్తోంది.

అందుకే దుకాణంలోకి మనిషి రాగానే అడగాల్సిన మొదటి మాట ఒక్కటే అని రాజనర్సు మొదటిరోజే చెప్పాడు. ధర అడగొద్దు, రంగు అడగొద్దు. మంచినీళ్లిచ్చి, కూర్చున్నాక, మెల్లగా, "పెట్టనీకా, కట్టనీకా?" అని అడగాలి. కట్టనీకి, అంటే తను కట్టుకోవడానికైతే ముందు కౌంటరు; పెట్టనీకి, అంటే ఇంకొకరికి పెట్టడానికైతే వెనక కౌంటరు. ఇది తెలుసుకోకుండా చీర విప్పినవాడు ఆకలైనవాడికి నీళ్లు, దప్పికైనవాడికి అన్నం చూపించినట్టు అటూ ఇటూ తిరుగుతాడు తప్ప అమ్మలేడు.

హీబా ఆ మాట మాత్రం పట్టుకుంది. మిగతావన్నీ గాలికి వదిలేసింది.

అసలు ఆ పిల్ల దుకాణానికి రావడమే రాజనర్సు మాట మీద జరిగింది. ఆమె తండ్రి మజహర్, దుకాణం పక్కగదిలో చీరలకు ఫాలు, పీకో కుట్టేవాడు. రాజనర్సుకు పాతికేళ్ల దోస్తు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టి తిన్నవాళ్లు. ఆరేళ్ల కింద మజహర్ పోయాడు. అప్పట్నుంచి ఆయన భార్య గులాబ్‌బీ అదే మిషను ఇంట్లో పెట్టుకుని, అదే పని చేస్తూ హీబాను చదివించింది. దోస్తు పోయినా ఆ ఇంటిని మరిచిపోలేదని రాజనర్సుకు తనమీద తనకు గౌరవం. ఏటా రంజాన్‌కు ఒక చీర పట్టుకుని గులాబ్‌బీ ఇంటికి వెళ్లి, షీర్‌ఖుర్మా తాగి వస్తాడు. ఆ మాట సందర్భం వచ్చినా రాకపోయినా నలుగురిలో అంటాడు కూడా.

హైదరాబాదు హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటానని హీబా అంటే గులాబ్‌బీ ఒప్పుకోలేదు. సిద్దిపేటలోనే దొరికితే చేయమంది, లేకపోతే మిషను ముందు కూర్చోమంది. అందుకని రాజనర్సు సేటును బతిమాలాడు. సేటు కర్ణాకర్ మనిషి చెడ్డవాడు కాదు గాని, ముక్కు సూటి. మూడు నెలలు చూస్తానన్నాడు. వెనక కౌంటరు గిరాకీ పెరిగితే మార్కెటింగ్ అని పేరు పెట్టి పనిలో ఉంచుకుంటాడు, పెరగకపోతే ఇంటికి పంపిస్తాడు. పంపిస్తే ఆ పిల్లకు మళ్లీ మిషనే గతి. గులాబ్‌బీ స్వయంగా దుకాణం గడప దాకా వచ్చి, "భాయ్, దీన్ని నీ చేతుల పెడుతున్న" అని వెళ్లింది. ఇక రాజనర్సుకు వెనక్కి పోయే దారి లేదు.

నేర్పడంలో ఆయన లోటు చేయలేదు. వచ్చినవాళ్లలో డబ్బు ఎవరి చేతిలో ఉందో కాదు, మాట ఎవరిదో చూడమన్నాడు. వదినో అత్తో పక్కన కూర్చుని గోడవైపు చూస్తూ ఉంటుందే, ఆమె ఊ అంటేనే బేరం తెగుతుంది. ఖరీదైన చీర మొదట విప్పొద్దు. విప్పితే తర్వాతివన్నీ వెలవెలబోతాయి, లేదా మనిషే భయపడి లేచిపోతుంది. రెండో చీర మీద చెయ్యి పడేదాకా మూడోది తీయొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె బట్ట ముట్టుకుని చూస్తున్నంతసేపు నోరు మూసుకోవాలి. ఆ సమయంలో మాట్లాడినవాడు చేతికొచ్చిన బేరాన్ని చెడగొట్టుకున్నట్టే.

హీబా అన్నిటికీ సరే కాకా అనేది. తర్వాత తన పద్ధతిలో తను చేసేది. ఎవరైనా చీర పట్టుకుని ఇది ఉతికితే ఎట్లుంటదమ్మా అని అడిగితే, ఉతకకండి అనేది. నిజమే, ఉతకకూడదు. కాని అనొచ్చా? ఒకామె మూడు వందల చీర తీసుకుంటుంటే, దీనికీ రెండొందల యాభైదానికీ తేడా ఏం లేదు, అంచు రంగే వేరు అని చెప్పింది. ఆమె సంతోషంగా రెండొందల యాభైవి యాభై తీసుకుని వెళ్లింది. రాజనర్సుకు తల ప్రాణం తోకకు వచ్చింది. ఇదేం అమ్మకం, గిరాకీ తరఫున వకీలువా అని నిలదీశాడు. ఆమె మళ్లీ వస్తది కాకా అంది హీబా. నిజంగానే ఆమె పదిరోజుల్లో తన చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చింది. దానికి రాజనర్సు మరింత మండిపడ్డాడు. తప్పు చేసి నష్టపోతే బుద్ధి చెప్పొచ్చు, తప్పు చేసి లాభపడితే ఏం చెప్పాలి?

మూడో నెల మొదట్లో ఆ పిల్ల రీలు తీసింది.

సేటు అనుమతి తీసుకునే తీసింది. రాజనర్సు ఆరోజు హుస్నాబాద్‌లో బంధువుల పెండ్లికి పోయాడు, లేకపోతే కాళ్లడ్డం పెట్టి ఆపేవాడు. వెనక కౌంటరు ముందు నిలబడి, ఎనిమిది చీరలు ఒకదాని తర్వాత ఒకటి విప్పి చూపిస్తూ హీబా చెప్పిన మాటలు తర్వాత ఊరంతా కంఠతా వచ్చాయి. చూడండి ఎట్ల మెరుస్తుందో, తీసుకున్నోళ్లు మూడు వేల చీర అనుకుంటరు, అసలు ధర ఎంతో తెలుసా, రెండొందల యాభై, పెట్టుడు చీరలంటే కర్ణాకర్ వస్త్రాలయమే.

మర్నాడు అది తెలిసి రాజనర్సు తల పట్టుకున్నాడు. ధర చెప్పావా అని అడిగాడు. ధర లేకపోతే కింద అందరూ ధర ఎంత ధర ఎంత అని రాస్తరు కాకా, చూసేటోళ్లు చూడకుండ జరిపేస్తరు అంది. "బిడ్డా, నేను ముప్పై ఏండ్లసంది గోటితోని గీకిందంతా నువ్వు ఒక్కపూటల ఊరి గోడల మీద రాసినవ్" అన్నాడు. పిల్ల నవ్వింది. ఫోను తెచ్చి చూపించబోతే, నాకొద్దు ఆ దరిద్రం అని చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆయన ఏడుపు ఎవరు వింటారు? నాలుగు రోజుల్లో లక్షమంది చూశారు. ప్రజ్ఞాపూర్‌నుంచి, గజ్వేల్‌నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చి మెట్ల కింద క్యూ కట్టారు. సేటు ఆనందం పట్టలేక హీబాకు బాదంపాలు తెప్పించాడు. రాజనర్సుకు తెప్పించలేదు. నీ కాలం అయిపోయింది రాజనర్సూ, ఇప్పుడంతా ఫోన్లలోనే అని నలుగురి ముందు అన్నాడు కూడా. రాజనర్సు మింగలేక కక్కలేక కూర్చుని స్టిక్కర్లు గీకాడు. ధర లోకమంతా తెలిశాక స్టిక్కరు గీకడమంత పిచ్చిపని ఇంకొకటి లేదని తెలుసు. చెయ్యి ఊరుకోదు కదా.

మూడో వారం మొదలుకాగానే ఆయన అన్నంత అయింది.

మొదట కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకామె పాతిక చీరలు తెచ్చి కౌంటరు మీద కుప్పపోసింది. గృహప్రవేశంలో బొట్టుపెట్టి చీర పెడుతుంటే తోటికోడలు ఫోను తీసి, రీలు పెట్టి, చీర పక్కన పట్టుకుని సరిచూసిందట. ఇంకొకామె చీరలు తేలేదు, వచ్చి తిట్టి పోయింది. మూడో ఆమె తిట్టనూ లేదు, ఏడ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చావు కదమ్మా అని రాజనర్సు అంటే, ఈసారి హీబా నవ్వలేదు. ఆరోజే రీలు తీసేసింది. తీసేస్తే ఏం లాభం, అప్పటికే అది ప్రతి ఇంటి వాట్సాపులో కాపురం పెట్టింది.

బుధవారం సాయంత్రం సేటు ఇద్దరినీ పిలిచాడు. చంద్లాపూర్ పెంటవ్వ ఫోన్ చేసిందని, అరవై చీరలు వాపసు తెస్తోందని చెప్పాడు. పెంటవ్వ అంటే దుకాణంలో తెలియనివాళ్లు లేరు. ఆమె కొన్నచోటే చంద్లాపూర్ సగం కొంటుంది. శనివారంతో హీబా మూడు నెలలు పూర్తవుతాయి. ఆ ముసలమ్మ చీరలు ఇక్కడ వదిలేసి పోయిందంటే శనివారం దాకా కూడా అక్కర్లేదు, రేపే పిల్లను ఇంటికి పంపించేయ్ అని సేటు రాజనర్సుతో అన్నాడు. హీబా అక్కడే ఉన్నా ఆమె ముఖం చూడకుండా అన్నాడు. ఇంతకుముందు తెప్పించిన బాదంపాలు గుర్తుచేద్దామని రాజనర్సుకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

పెంటవ్వ గురువారం పదకొండింటికి ఆటో దిగింది. డెబ్బై ఏళ్లుంటాయి, నిలువెత్తు మనిషి. ఆటోవాడు కట్టలు మోసుకొచ్చి దించుతుంటే లెక్క చూసుకుంది. మంచినీళ్లిస్తే తాగలేదు, పక్కన పెట్టింది. ముప్పై ఏళ్లలో ఆమె నీళ్లు వద్దనడం రాజనర్సు చూడలేదు.

మనవరాలి పెండ్లి ఐదురోజుల్లో ఉంది. పెండ్లికొడుకుది హుస్నాబాద్. నిన్న పొద్దున పెండ్లికొడుకు అక్కచెల్లెళ్లిద్దరూ మనవరాలికి ఈ రీలు పంపించి, కింద నవ్వే బొమ్మలు పెట్టారట. మీ ఇంటికాడ కూడా ఇవే పెడతరా అని అడిగారట. పిల్ల రాత్రంతా అన్నం తినలేదు. ఇదంతా పెంటవ్వ గొంతు పెంచకుండా చెప్పింది. చెప్పి, కొంగులోంచి ఫోను తీసి, రీలు పెట్టి, రాజనర్సు ముక్కు ముందు పట్టుకుంది.

"నర్సూ, నీ నోటి మాట మీద కొన్న. మర్యాద నిలబెడ్తవనుకున్న. గిట్ల బజార్ల పెడ్తవా?"

రాజనర్సు తొలిసారిగా ఆ రీలు పూర్తిగా చూశాడు. చూడక తప్పలేదు. మొదటి చీర, రెండో చీర, మూడో చీర. నాలుగోది హీబా రెండు చేతులా విప్పి పట్టుకుంది. మామిడిపండు రంగు, ఆకుపచ్చ అంచు, అంచు పొడుగునా నెమళ్లు. పక్కన పెద్ద అంకెలతో రెండు వందల యాభై.

ఆ చీరే, అదే రంగు, అదే నెమళ్లు, మొన్న రంజాన్‌కు గులాబ్‌బీకి పట్టుకుపోయాడు. మెట్ల కిందినుంచి చేతికందింది తీసి, గోటితో స్టిక్కరు గీకి, సంచిలో వేసుకుని పోయాడు. అంతకుముందు ఏడూ అంతే. దానికి ముందూ అంతే. ఆరేళ్లలో ఆరు చీరలు. ఏ ఒక్కసారీ ముందు కౌంటరు వైపు చూడాలని కూడా తోచలేదు. ఎవరినీ అడగనక్కర్లేదు, అది పెట్టుడే. చేతిమీద రోజుకు నూరుసార్లు జరిగే పని, ఆరోజూ జరిగింది.

రీలు అయిపోయి మళ్లీ మొదలైంది. పెంటవ్వ సమాధానం కోసం చూస్తోంది. ఇటువంటప్పుడు ఏం మాట్లాడాలో రాజనర్సుకు నిద్రలో లేపినా వస్తుంది. మొదట తప్పు ఒప్పుకోవాలి, తర్వాత పాత పరిచయం ఎత్తాలి, తర్వాత కొత్త డిజైన్లు రాత్రే దిగాయని చెప్పి కట్ట విప్పాలి. నోరు తెరిచాడు. అవ్వా అన్నాడు. మళ్లీ అవ్వా అన్నాడు. గల్లా దగ్గరినుంచి సేటు చూస్తున్నాడు. రాజనర్సు రెండు కొత్త చీరలు విప్పాడు గాని, వాటి గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాడు. పెంటవ్వ వాటిని చూడను కూడా చూడలేదు. మీ దుకాణం చీర ఏది పెట్టినా ఇక ఫోన్లో వెతుకుతారు, నా పైసలు నాకిచ్చేయండి, వేరేచోటికి పోతాను అంది.

అప్పుడు హీబా వచ్చి ఆమె ముందు కింద కూర్చుంది. నోరు జారితే ఈ పిల్ల పని ఇప్పుడే అయిపోతుందని రాజనర్సు సైగ చేశాడు. చూడలేదు. ఎప్పుడు చూసింది గనుక.

"అవ్వా, రీలు తీసింది నేనే. తప్పు నాదే, కాకాది కాదు" అంది. "ఒక్క మాట అడుగుత. గీ అరవైమందిల, గివి పెడ్తె ఎంతమంది ముంగట నీ తల వంగుతది?"

రాజనర్సు కళ్లు మూసుకున్నాడు. ఇదేం ప్రశ్న? గిరాకీని అడిగే మాటేనా ఇది? పెంటవ్వ లేచి వెళ్లిపోతుందనుకున్నాడు.

పెంటవ్వ లేవలేదు. ముందు, ఏం మాట అది పొల్లా అని కసిరింది. తర్వాత ఆలోచనలో పడింది. తర్వాత వేళ్లు మడవడం మొదలుపెట్టింది. పెండ్లికొడుకు తల్లి. ఆ రీలు పంపిన ఇద్దరు అక్కచెల్లెళ్లు. వాళ్ల నాయనమ్మ, ఎందుకంటే ఆమె మంచిది, నవ్వినవాళ్లను తిట్టిందట. నాలుగు వేళ్లు మడిచి ఆగిపోయింది. రాజనర్సు ఆశ్చర్యపోయాడు. నోరు మూసుకోవాల్సిన చోట ఆ పిల్ల నోరు మూసుకుంది.

కాసేపటికి పెంటవ్వ బొటనవేలు కూడా మడిచింది. తన ఆడబిడ్డ, పదకొండేళ్లుగా మాటలు లేవు, ఈ పెండ్లికే మొదటిసారి వస్తోంది అని చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గింది.

మిగతా యాభై ఐదుమంది సంగతి ఏంటని హీబా అడిగింది.

"వాళ్లకు తెల్వదా ఏంది? వాళ్ల పెండ్లిళ్లల్ల నాకు పెట్టినయి గూడ గివే. పెట్టె నిండ ఉన్నయి" అంది పెంటవ్వ. అని, పక్కన పెట్టిన నీళ్లు తీసుకుని తాగింది.

నీళ్లు తాగిందంటే బేరం బతికినట్టే. రాజనర్సుకు నోరు తిరిగి వచ్చింది. రీలులో కనిపించిన ఎనిమిది డిజైన్లు కట్టల్లోంచి ఏరి పక్కన పెట్టి, గోదాములోని వేరే చీరలు వాటి బదులు వేశాడు. ఆ ఐదుగురికి మాత్రం ముందు కౌంటరునుంచి చేనేత గొల్లభామ చీరలు తెప్పించాడు, నెత్తిన కుండ పెట్టుకున్న చిన్నచిన్న భామలు అంచంతా నడుస్తున్నవి. రాజనర్సు తండ్రి మగ్గం మీద నేసిన రకం. ఒక్కో చీరకు మనిషి ఎవరో, రంగు ఏదో, వయసు ఎంతో అడిగి మరీ హీబా తీసింది. నాయనమ్మకు ముదురు రంగు వద్దంది. ఆడబిడ్డ చీర దగ్గర పెంటవ్వ చాలాసేపు ఆగి, రెండుసార్లు చేత్తో నిమిరి, ఇంకొంచెం మంచిది లేదా అని తనే అడిగింది. అప్పుడు మాత్రం ఖరీదైనది తీసింది పిల్ల. తెచ్చినదానికంటే ఖరీదైన మూటతో ముసలమ్మ ఆటో ఎక్కింది. ఎక్కేముందు, పొల్లా, నోరు జర జాగ్రత్త అంది హీబాతో.

సేటు గల్లా దగ్గరే కూర్చుని, శనివారం దాకా ఎందుకు, పిల్ల పని పక్కా అయినట్టే, కాని రీలులో ఇక ధర చెప్పొద్దు అన్నాడు. తనేదో కొత్తగా కనిపెట్టినట్టు. ముప్పై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది అదే కదయ్యా అని రాజనర్సు అనలేదు. బాదంపాలు కూడా గుర్తుచేయలేదు. ఆయన మనసు అక్కడ లేదు.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక, మజహరూ రాజనర్సూ ఒకప్పుడు తిన్నచోటే కూర్చుని హీబా డబ్బా విప్పింది. రాజనర్సు తినలేదు. కొంచెంసేపు తచ్చాడి, గొంతు సవరించుకుని, మీ అమ్మ ఆ రీలు చూసిందా అని అడిగాడు.

హీబా ముద్ద ఆపింది. తీసింది ఇంట్లో చూసుకుంటుంటే అమ్మీ పక్కనే ఉందని చెప్పింది.

"నాలుగో చీర కాడ, గిది నాదే గద అన్నది. అప్పటిదాంక నాకు గుర్తు లేకుండె కాకా, కసమ్. తీసెయ్యనా అమ్మీ అని అడిగిన. ఎందుకు, రంగు మంచిగున్నది, ఉండనీ అన్నది."

"ఇంకేమన్నది?"

"ఏమన్లేదు. ఆమెకు ఎప్పుడో తెల్సు కాకా. సగం ఊరి చీరలకు ఫాలు కుట్టేటామె. ముట్టుకుంటే తెలుస్తది ఏది ఎంతదో."

రాజనర్సుకు ఏం చేయాలో తోచక పక్కనున్న కవరు తీసి దాని స్టిక్కరు గీకాడు. ఆరేళ్లు. ఆరేళ్లూ షీర్‌ఖుర్మా కప్పు చేతికిస్తూ, మంచిగుంది భాయ్ అందామె. ఒక్కసారి కూడా ముఖం మార్చలేదు. ఆయన బయటికొచ్చి నలుగురికీ చెప్పుకున్నాడు. కట్టుకోకపోతే పోనీ, ఆ చీరలు ఎవరికైనా పెట్టేసిందా అని అడిగాడు. పెట్టేసి ఉంటే కొంత బాగుండుననిపించింది.

ఎవరికీ పెట్టలేదని హీబా చెప్పింది. కట్టుకోవడమంటే, నెమళ్లో ఏనుగులో ఉన్న చీరతో అమ్మీ నమాజు చేయదు. ఆరింటిలో నాలుగింటి అంచున అవే ఉన్నాయి. మీ అబ్బాజాన్ దోస్తు పెట్టినవి అని ఆరింటినీ పెట్టెలో అడుగున మడతపెట్టి పెట్టింది, ఒకసారి చిన్నమ్మ ఒక్కటి అడిగినా ఇవ్వలేదు.

పాతికేళ్ల దోస్తు. ఒకే డబ్బాలో తిన్నారు. ఆ ఇంటి ఆడమనిషి బొమ్మలున్న బట్ట కట్టదని రాజనర్సుకు తెలియదు. దుకాణంలోకి వచ్చిన ప్రతి ముక్కూమొహం తెలియని మనిషినీ అడిగే ప్రశ్న, ఆ ఇంటి గడపలో ఒక్కసారీ అడగలేదు. నేర్పిస్తానని మూడు నెలలు ఈ పిల్లమీద ఎగిరాడు. సిగ్గేసింది. సిగ్గుకంటే తన మీద తనకు చిరాకు ఎక్కువ వేసింది.

లేచాడు. కౌంటరు లోపలినుంచి చుట్టూ తిరిగి బయటికి వెళ్లి, చెప్పులు విడిచి, గిరాకీ కూర్చునే వైపు పరుపు మీద కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ వైపు కూర్చోవడం అదే మొదటిసారి. గల్లా దగ్గరినుంచి సేటు వింతగా చూశాడు.

"ఒక చీర చూపియ్యి" అన్నాడు.

హీబా చేతులు కడుక్కుని వచ్చింది. ఆయన ముఖం చూసింది. మంచినీళ్ల గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఒక గుక్క తాగేదాకా ఆగింది.

"పెట్టనీకా, కట్టనీకా కాకా?"

ఎన్ని వేలమందిని అడిగి ఉంటాడో, జవాబు చెప్పడానికి ఇంత కష్టంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"కట్టనీకి. మీ అమ్మకు" అన్నాడు.

ఆమె ముందు కౌంటరు వైపు తిరిగింది. ఆయన అలవాటుగా గొల్లభామ చూపించబోయి, భామ కూడా బొమ్మే కదా అని నాలుక కరుచుకున్నాడు. హీబా అప్పటికే పై అరలోంచి ఒకటి తీసింది. నీలిరంగు నూలు చీర, బొమ్మలూ బుట్టలూ ఏమీ లేవు, అంచున రెండే రెండు తెల్లగీతలు. ఖరీదైనదే మొదట విప్పింది. ఎన్నిసార్లు చెప్పాను, అది మొదట విప్పొద్దని, అనబోయి ఊరుకున్నాడు. బట్ట మీద చెయ్యి పెట్టాడు. ఆయన నిమిరినంతసేపు ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు.

ఇదే కట్టియ్యి అన్నాడు. హీబా చీర మడిచి కవరులో పెట్టి, ఆయన నేర్పినట్టే స్టిక్కరు మూలన గోరు ఆనించింది.

"గీకితే ఏంది, గీకకుంటె ఏంది. ఆమె ముట్టుకుంటె తెల్వదా బిడ్డా" అన్నాడు.

తెలుస్తది కాకా, అయినా గీకుతా అంది. గీకింది. ఎప్పటిలాగే సగం ఊడింది, సగం మిగిలింది. మిగిలిన సగం మీద అంకెలే ఉన్నాయి. రాజనర్సు ఉస్సురని, కవరు తనవైపు లాక్కుని, ఆ మిగిలిన ముక్క తనే గీకడానికి గోరు పెట్టాడు. పెట్టి, ఎందుకో తీసేశాడు. దాన్ని అట్లాగే సంచిలో వేసుకుని, రంజాన్ కాకపోయినా, గులాబ్‌బీ ఇంటికి బయలుదేరాడు.